శీతకాలపు కలకత్తాలో పిల్లలతో రెండు పూటలు

కలకత్తా ప్రయాణమని తెలియగానే బంధుమిత్రులు కాళీఘాటు, దక్షిణేశ్వరం, విక్టోరియా మెమోరియల్, హౌరా వంతెన అంటూ మాకొక పెద్ద పట్టికనే తయారుచేసి ఇచ్చారు. (2001 నుండి ఆ నగరం అధికారికంగా కోల్‌కతా అయినా, మా తరం నోటికి అది ఇంకా కలకత్తాయే.) అవన్నీ చూశాము. వాటిని గురించి వ్రాసినవారు అనేకులున్నారు గనుక ఆ ప్రస్తావన ఇక్కడ తీసుకురావడం లేదు. ఎల్.టి.సి. మీద, సంక్రాంతి సెలవులలో, మా ఇద్దరు పిల్లలతో ఆరుబయట గడిపిన రెండు పూటలను గురించి మాత్రమే పాఠకులతో ముచ్చటించదలచాము.

మొదటి పూట శిబ్‌పూర్ వృక్షోద్యానంలో గడిచింది. షాలిమార్ స్టేషనుకు సమీపంలో, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, సుమారు 270 ఎకరాలలో విస్తరించిన తోట ఇది. 1787లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఈ ఉద్యానానికి 2009లో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. ఉదయం మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నది కనిపించడం లేదు గాని, పడవల మోత మాత్రం వినవస్తున్నది. చలికోటు వేసుకోనని మారాం చేసిన మా చిన్నమ్మాయి పది నిమిషాలలోనే తల్లి శాలువలో దూరింది.

అందరూ చూడవచ్చేది అక్కడి మహావటవృక్షాన్నే. తోటకన్నా వయసులో పెద్దదని చెప్పే ఆ మర్రి నాలుగున్నర ఎకరాలకు పైగా గొడుగు పట్టి నిలిచింది. 1864లో, 1867లో వచ్చిన తుఫానులకు దెబ్బతిన్న దాని అసలు మానుకు ఆపైన బూజు తెగులు సోకింది. చివరకు 1925లో ఆ మానును తొలగించవలసి వచ్చింది. ఇప్పుడు మనకు కనిపించేవన్నీ ఊడలే. వేలకొద్దీ ఊడలు స్తంభాలై కొమ్మలను మోస్తున్నాయి. ఈ సంగతి ముందుగా చెప్పకుండా, "ఇందులో అసలు చెట్టు ఏదో కనిపెట్టండి చూద్దాం" అని పిల్లలను పురమాయించాము. మా అబ్బాయి చుట్టూ ఉన్న బాటమీద పరుగు తీసి, మూడు నాలుగు లావుపాటి ఊడలను ఎన్నుకొని వచ్చాడు. అసలుది లేనేలేదని చెప్పినప్పుడు వాడు నమ్మలేదు. "మరి దీనికి అన్నం ఎవరు పెడుతున్నారు?" అని చెల్లెలు అడిగింది. ప్రతి ఊడా తన పాలు తాను నేలలోంచి పీల్చుకుంటుందని చెప్పాము. 2020 మే నెలలో అంఫన్ తుఫాను ఈ తోటలో ఎన్నో చెట్లను కూల్చి, ఈ మర్రిని కూడా గాయపరచింది.

తెలుగువారు ఆ తోటలో మరొకరిని తలచుకోవాలి. 1793లో ఈ ఉద్యానాధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బరో అంతకుముందు పన్నెండేళ్లు మన సామర్లకోటలో ఉన్నవాడు. సర్కారు జిల్లాల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లను అడిగి వ్రాసుకున్నాడు. ఆ కృషి 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథంగా 1795 నుండి మూడు సంపుటాలలో వెలువడింది. జ్వరానికి మందుగా ఆయన వర్ణించిన సోమిద చెట్టుకు శాస్త్రలోకంలో నేటికీ 'సోయ్‌మిడా' అనే పేరు నిలిచింది. అది మన తెలుగు మాటే. మన తూర్పు గోదావరి పల్లెల్లోని పేరు తెలియని ఏ రైతులో, వైద్యులో చెప్పిన పేర్లు ఇంత దూరం ప్రయాణం చేశాయన్నమాట. పిల్లలకు ఇది అంతగా పట్టలేదు. పెద్దలమైన మేమే కొంతసేపు నిలబడిపోయాము.

రెండవ పూట సాంత్రాగాఛీ సరస్సు. మన వైపు వచ్చే కొన్ని రైళ్లు బయలుదేరే సాంత్రాగాఛీ స్టేషను ప్రక్కనే, 30 ఎకరాలకు పైబడిన రైల్వేవారి చెరువు అది. చుట్టూ మేడలు, రోడ్డు, హారన్ల రొద. ఇటువంటి చోటికి పక్షులు వస్తాయా అని మేము సందేహించాము. గట్టెక్కి చూసేసరికి గుర్రపుడెక్క దీవులమీద వేలాది గోధుమవన్నె బాతులు మెడలు ముడుచుకొని కూర్చున్నాయి.

అన్నీ సైబీరియా నుండే వచ్చాయని అబ్బాయి చెల్లెలికి బోధించసాగాడు. అది నిజం కాదు. అక్కడ చేరేవాటిలో అత్యధికం చిన్న ఈలబాతులు. బెంగాలీలు వాటిని శొరాలి అంటారు. ఇవి మన దేశపు పక్షులే. నీరు, తిండి వెదుక్కుంటూ ఒకచోటి నుండి మరొకచోటికి మారుతుంటాయి. సూదితోక బాతుల వంటి కొన్ని మాత్రం హిమాలయాలను దాటి ఉత్తరాది నుండి వస్తాయి. డెక్క చెరువంతా కమ్మితే ఈదడానికి నీరుండదు, పూర్తిగా తీసివేస్తే కూర్చోవడానికి చోటుండదు. అందుకని చలికాలానికి ముందు కొంత తొలగించి, కొంత దీవులుగా మిగులుస్తారు.

అప్పుడే మా అబ్బాయి చేయరాని పని చేశాడు. పక్షులు ఎగిరితే చూడాలని రెండు చేతులూ గట్టిగా చరిచాడు. దగ్గరి దీవిమీది గుంపంతా ఈలలు వేస్తూ ఒక్కసారిగా లేచింది. ఆ దృశ్యం అద్భుతంగా ఉన్న మాట నిజమే. మేము కూడా ఒక క్షణం సంతోషించామని ఒప్పుకోవాలి. ప్రక్కన దుర్భిణితో నిలుచున్న ఒక వృద్ధుడు మాత్రం "ఖోకా" అని వాణ్ణి పిలిచి, వచ్చీరాని హిందీలో మెల్లగా చెప్పాడు. ఇవి రాత్రంతా పొలాలలో మేత మేసి వచ్చి, పగలు ఇక్కడ పడుకుంటాయట.

వాడి ముఖం చిన్నబోయింది. "నైట్ షిఫ్టా నాన్నా?" అన్నాడు. మా కాలనీలో పెరిగిన పిల్లలకు ఇంతకన్నా చెప్పనవసరం లేదు. తండ్రి రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే రేడియో కట్టేసి, వీధిలో ఆడుతున్న ఇరుగుపొరుగు పిల్లలను సైతం దూరంగా పంపే తల్లిని వాడు పుట్టినప్పటి నుండి చూస్తున్నాడు. లేచిన గుంపు రెండు చుట్లు తిరిగి మళ్లీ వాలేవరకు వాడు కదలలేదు. ఆ పెద్దాయన దుర్భిణి అందిస్తే, రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశాడు.

కలకత్తా దాకా వెళ్లలేనివారు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లవచ్చును. చలికాలంలో అక్కడి చింతచెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులను, కొంగలను ఆ ఊరివారు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. సాంత్రాగాఛీకి వెళ్లేవారు డిసెంబరు, జనవరి నెలలలో వెళ్లడం మంచిది. దుర్భిణి ఉంటే తీసుకువెళ్లండి; టపాకాయలు, బూరలు వద్దు.

తిరుగు ప్రయాణానికి ఆ స్టేషనులోనే రైలెక్కవలసి ఉండగా, కాస్త ముందుగా వచ్చి మరొకసారి గట్టుమీదకు వెళ్లాము. పొద్దు గూకుతున్నది. ఒక్కొక్క గుంపే నీటిమీదనుంచి లేచి, సన్నగా ఈల వేస్తూ, మేడలమీదుగా పొలాలవైపు సాగిపోతున్నది. చిన్నమ్మాయి ఏదో అడగబోతే అన్న దాని నోటిమీద చేయి ఉంచి, రహస్యంగా చెప్పాడు:

"డ్యూటీకి వెళుతున్నాయి."