కడుపులోని కాపురము

దుఃఖము కలిగినప్పుడు కడుపు తరుగుకొనిపోయినదందుము. అసూయ కలిగినచో కడుపుమంట యందుము. ఒకరి తప్పును క్షమించినచో కడుపులో పెట్టుకొంటిమందుము. మన భాషకు తెలిసిన యీ సంబంధమును మనమే మరచి, ఇంటిలో నొక స్త్రీ కడుపు బాధను, దిగులును కలిపి చెప్పుకొన్నచో, "అంతయు మనసులోనిదే" యని త్రోసివేయుదుము. సోదరీమణులారా! ఈ తప్పు మేమును చేసితిమి.

క్రిందటేడు మా కోడలికి జలుబు, జ్వరము వచ్చినవి. వైద్యుని అడుగకయే మందుల దుకాణమునుండి యాంటీబయాటిక్ మాత్రలు తెప్పించి యిచ్చితిమి. జ్వరము తగ్గినది గాని విరేచనములు పట్టుకొన్నవి. పిదప రెండు నెలలు అన్నము సహింపదు, నిద్ర పట్టదు, చిన్న మాటకే కన్నీరు. పుట్టింటి మీది బెంగ యని మేము తీర్మానించి, నలుగురిలోను అనివేసితిమి. తుదకు వైద్యురాలి యొద్దకు గొనిపోగా, ఆమె మొదట అడిగిన ప్రశ్న, "ఈ నడుమ ఏ మందులు వాడితిరి?" అని. మాకు తల యెత్తుటకు మొగము చెల్లలేదు. జలుబును కలిగించు వైరసులపై ఆ మాత్రలు పనిచేయనే చేయవట! మాత్రలే సర్వమునకు కారణమని ఆమె తీర్పు చెప్పలేదు గాని, అవి శత్రువును, మిత్రుని ఎరుగవని మాత్రము చెప్పినది.

ఆ మిత్రులెవరనగా, మన ప్రేగులలో, అందును పెద్దప్రేగులో, కాపురముండు బాక్టీరియాలు. 70 కిలోల మనుష్యుని దేహములో నివి సుమారు 38 లక్షల కోట్లుండునని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అన్నిటి బరువు 200 గ్రాములే. మనకు జీర్ణము కాని పీచుపదార్థమును ఇవి పులియబెట్టి, కొన్ని ఆమ్లములను తయారుచేయును. ప్రేగుల లోపలి పొరకు ఆ ఆమ్లములే ముఖ్యమైన ఆహారము.

ఇక మనసు మాట. మెదడునుండి ప్రేగులవరకు వేగస్ అను నాడి యొకటి కలదు. దాని తంతులలో నూటికి 80 వంతులు క్రిందినుండి మెదడునకు వార్తలు మోయునవే. జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమువారు 2004లో ఒక విచిత్రము ప్రకటించిరి. ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన చిట్టెలుకలను కదలకుండ బంధించినప్పుడు, వాని రక్తములో కలతను సూచించు హార్మోను మామూలు ఎలుకలలోకంటె మిక్కిలి హెచ్చినది. ఒక జాతి బాక్టీరియమును వాని కడుపులో చేర్చగా ఆ హెచ్చు తగ్గినది. లాస్ ఏంజిలిస్‌లో 2013లో ఆరోగ్యవతులైన కొందరు స్త్రీలకు నాలుగు వారములు పులిసిన పాలిచ్చి చూడగా, భావములను కనబరచు ముఖచిత్రములకు వారి మెదడు స్పందించు తీరు మారినది. ఆ పరిశోధనకు ధనమిచ్చినది పెరుగు విక్రయించు కంపెనీయేనని మాత్రము మరువరాదు. సెరొటోనిన్ అను పదార్థము నూటికి 90 వంతులు ప్రేగులలోనే పుట్టునన్నది నిజమే. కాని యది మెదడులోనికి నేరుగా పోజాలదు. కాబట్టి పెరుగు తిన్నచో దిగులు తీరునను ప్రకటనలను నమ్మవలదు. తీరని దిగులునకు వైద్యుడు కావలసినదే.

అట్లని పెరుగును వదలుకొననక్కరలేదు. ఇంట తోడుపెట్టిన పెరుగులో బ్రతికిన బాక్టీరియాలుండును. మజ్జిగపులుసు కాచినచో అవి చచ్చును గనుక, కాచని మజ్జిగ యొక గ్లాసు వేరుగ త్రాగుట మేలు. కాని మన కడుపులోని కాపురస్థులకు అసలు మేత తోటకూర, గోరుచిక్కుడు, పొట్టుతీయని పెసలు, జొన్నలు, ఉల్లి. ఈ మేత మన యిండ్లలో ఎవరి విస్తరి చేరుచున్నదో యోచింపుడు. కూర మగవారికిని పిల్లలకును వడ్డించి, కడపట మిగిలిన యన్నములో ఊరగాయ కలుపుకొని లేచునది ఇల్లాలు. మా కోడలును అట్లే తినుచుండెను. మేము చూచుచునే యుంటిమి.

వైద్యురాలి మందులతోడను, మార్చిన భోజనముతోడను ఆమె కోలుకొనుటకు నాలుగు నెలలు పట్టినది. బాక్టీరియాలు మరల కాపురము పెట్టుటచేతనో, తన మాట ఒకరు నమ్మిరను ధైర్యముచేతనో మేము చెప్పలేము. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమింపుమని అడిగితిమి. "అది సరే, అత్తయ్యా, ముందు నా కంచములో కూర వేయుడు" అని నవ్వినది.