రాకెట్టు, రాజహంసలు, సముద్రం... చేతిలో ఓ చిన్న కెమెరా

మధ్యాహ్నం వంటింటి పని సర్దుకున్నాక మనకంటూ ఒక గంట మిగిలితే ఒకరు ఊలు అల్లుకుంటారు, ఒకరు ముగ్గుల పుస్తకం నింపుకుంటారు, ఇంకొకరు సీరియల్ చూస్తారు. నాకేమో ఫోటోలు తీయడం సరదా. "ఇల్లాలికి కెమెరా ఏమిటి, చోద్యం కాకపోతే!" అని ముక్కున వేలేసుకోకండి. నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. లెన్సుల లెక్కలు నాకేం తెలియవు. మా అబ్బాయి ఇంజినీరింగులో చేరాక కొత్త ఫోన్ కొనుక్కుని, వాడి పాత కెమెరా నాకు పడేసి వెళ్లాడు. బీరువాలో మూలపడి ఉండే బదులు నా చేతిలో పడిందంతే.

మాది నెల్లూరు. ఫోటోల కోసం ఊటీలు, కాశ్మీరాలు వెళ్లే స్తోమత మనకెక్కడిది చెప్పండి? కానీ మా ఊళ్లో పొద్దున్నే బయల్దేరితే రాత్రి అన్నం వేళకి తిరిగొచ్చేంత దూరంలోనే గుళ్లూ గోపురాలూ, పక్షుల సరస్సూ, సముద్రమూ, ఆకాశంలోకి ఎగిరే రాకెట్టూ అన్నీ ఉన్నాయి. ఇన్నీ ఒకే దారిలో ఉన్న చోటు ఇంకెక్కడైనా ఉందేమో మీరే చెప్పాలి.

ముందు మా ఊరి సంగతి. పెన్నా ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి కోవెల ఉంది. మేం రంగనాయకుల గుడి అంటాం. ఆ గోపురాన్ని మిట్టమధ్యాహ్నం తీస్తే బొమ్మలన్నీ తెల్లగా పాలిపోయి కనిపిస్తాయి. అదే సూర్యోదయం అయిన అరగంటలోపు తీయండి, ఒక్కో బొమ్మకీ పక్కన సన్నటి నీడ పడి, ప్రాణం వచ్చినట్టుంటుంది. వెలుతురు కూడా పాకం లాంటిదేనండీ. తీగపాకం దగ్గర దించామా, సరిపోయింది. కాస్త ఆలస్యమైతే ముదిరిపోతుంది. పొయ్యి దగ్గర ఇన్నేళ్లు నిలబడ్డ మనకి ఆ సమయం కనిపెట్టడం ఒకరు నేర్పాలా?

మా ఊళ్లోనే స్వర్ణాల చెరువు పక్కన బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండుగ. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇలా దేనికదే. హిందువులూ ముస్లింలూ అని లేదు, అందరూ వస్తారు. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అక్కడ నేను మొహాల మీదకి కెమెరా పెట్టను. సంతాన రొట్టె కోసం కొంగు పట్టిన అమ్మాయి మొహం ఎవరి ఆల్బమ్‌లోకీ వెళ్లనక్కర్లేదు. ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి, మధ్యలో రొట్టె. ఆ ఫోటో చాలు.

ఇక దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే సూళ్లూరుపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ మాకు ఇప్పటికీ మా ఊరే. దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. అక్కడి చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వాటి పిల్లల గోలే గోల. కొంగలూ, నత్తగుల్లకొంగలూ కూడా ఉంటాయి. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి మంచి ఎరువని అక్కడి రైతులు పక్షుల్ని చుట్టాల్లాగా చూసుకుంటారు. తల్లి గూడబాతు నోరు తెరిస్తే, పిల్ల తల మొత్తం లోపలికి పెట్టి చేపని లాక్కుని తింటుంది. ఆ దృశ్యం చూస్తే "అన్నం తినరా నాయనా" అని పిల్లల వెంటపడే మనకి నవ్వు రాక మానదు.

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ తల్లి గుడి. రాత్రీ పగలూ తెరిచే ఉండే గుడిగా దానికి పేరు. రాకెట్టు ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు కూడా ఇక్కడికొచ్చి అమ్మవారికి దణ్ణం పెట్టుకునే వెళ్తారు. అక్కణ్నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. చిలకా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో రెండు పక్కలా రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, గులాబీ రంగు చీరలు ఆరేసినట్టు బారులు తీరి ఉంటాయి. అవి తినే నాచూ, చిన్న రొయ్యల్లాంటి జీవాలూ వాటికా రంగునిస్తాయట. దగ్గరికి వెళ్దామని నీళ్లలోకి దిగకండి. అవి బెదిరి లేస్తే మేత మానేసి ఎగరాలి, పాపం. రోడ్డు మీదే ఉండి, గుంపు మొత్తం తీయండి.

రాకెట్ల సంగతికొస్తాను. శ్రీహరికోట నుంచి మొదటి పెద్ద ప్రయోగం 1979 ఆగస్టు 10న జరిగింది. అది ఫలించలేదు. మరుసటి ఏడు, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2025 జనవరి 29 తెల్లవారుజామున జరిగింది నూరో ప్రయోగం. మనలాంటి మామూలు జనం లోపల కూర్చుని చూడ్డానికి 2019లో గ్యాలరీ కట్టారు. ఇంటర్నెట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. సీట్లు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఇంట్లో పిల్లల్ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టండి. గుర్తింపు కార్డు తప్పనిసరి. ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో అక్కడివాళ్లు చెప్తారు. అది పాటించాలి.

అయితే ఒక మాట. ఇది సినిమా ఆట కాదు, టైముకి మొదలవుతుందన్న హామీ లేదు. 2019 జూలై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి ఎగరాలి. నేనూ, మావారూ, మా తోటికోడలూ పులిహోర డబ్బాలతో వెళ్లాం. ఇంకో 56 నిమిషాలుందనగా లెక్క ఆపేశారు. సాంకేతిక లోపమట. చంకలో నిద్రపోతున్న పిల్లలతో జనం లేచి దులుపుకుని వెనక్కి మళ్లారు. "ఇంత రాత్రి పడి వచ్చింది ఇందుకా" అని మా తోటికోడలు సణిగింది. సరిగ్గా వారానికి, జూలై 22 మధ్యాహ్నం ఎగిరిందది. ఆ రోజు మా ఇంట్లో చుట్టాలు. పప్పు తాలింపు వేస్తూ టీవీలో చూశాను!

అందుకే 2023 జూలై 14న చంద్రయాన్-3కి మళ్లీ వెళ్లాను. ఆ రాకెట్టు ఎత్తు 43.5 మీటర్లు, అంటే దాదాపు 14 అంతస్తుల మేడ. బరువు సుమారు 640 టన్నులు. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి అడుగున మంట కనిపించింది. శబ్దం లేదు! ఆ మేడంత వస్తువు చప్పుడు లేకుండా పైకి లేస్తోంది. కాసేపటికి వచ్చింది ఆ ఉరుము, ఛాతీలో దడదడలాడింది. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మంట కనిపించగానే లెక్కపెట్టడం మొదలెట్టి, శబ్దం వినిపించాక ఆ అంకెని మూడుతో భాగిస్తే మీరెంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది. పిల్లలకి భలే ఆట.

కంటికి కనిపించేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. అందులో సగం ఫోన్లో చూసి ఏం లాభం? నేను మూడు ఫోటోలు తీసి కెమెరా దించేశాను. రాకెట్టు ఫోటో మర్నాడు పేపర్లో మనకన్నా బాగా వస్తుంది. వెనక్కి తిరిగి జనాన్ని తీశాను. నోళ్లు తెరుచుకున్న పిల్లలు, దణ్ణం పెట్టిన ఒక ముసలాయన, కళ్లు తుడుచుకుంటున్న ఒక చుడీదార్ పిల్ల. అవి ఏ పేపర్లోనూ రావు.

రాత్రి ప్రయోగం అయితే కెమెరాకి మూడుకాళ్ల స్టాండు ఉండాలి. చేత్తో పట్టుకుంటే అంతా అలికేసినట్టు వస్తుంది. లోపలికి వచ్చే వెలుతురు బాగా తగ్గించి, షట్టరు నిమిషం పైన తెరిచి ఉంచితే రాకెట్టు వెళ్లిన దారంతా ఒకే బంగారు గీతలా పడుతుంది. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకి ఎగిరిన పీఎస్ఎల్వీని మేం సూళ్లూరుపేట వైపు నుంచి అలాగే తీశాం. మా అబ్బాయి ఫోన్లో సలహా చెప్తుంటే మావారు టార్చి పట్టుకున్నారు.

ఇక సముద్రం. మైపాడు మా ఊరికి దగ్గర. శ్రీహరికోటకి ఉత్తరంగా తూపిలిపాళెం లాంటి తీరాలూ ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అప్పుడు పడవలన్నీ ఒడ్డున, రంగులు వేసుకుంటూ, వలలు బాగుచేసుకుంటూ ఉంటాయి. ఫోటోలకి అంతకన్నా మంచి కాలం లేదు. మిగతా రోజుల్లో తెల్లారకముందే వెళ్లాలి. పడవలు ఒడ్డుకొచ్చే వేళ, ఇసక మీద నెత్తళ్లు ఎండబోసే వేళ.

ఒక పాలెంలో అలా నెత్తళ్లు ఎండబోస్తున్న పెద్దావిడని "ఫోటో తీసుకోనా అవ్వా" అని అడిగాను. ముందు నా మొహం చూసింది. "ఇప్పుడు పనిమీదున్నా. రాకెట్టు దినం రా మా. ఆ దినం మావోళ్లకి వేట ఉండదు, మాకు ఎండబోసేదానికి చేప ఉండదు. కాళ్లు చాపుకుని కూచునుంటాం, ఎన్నయినా తీసుకో" అంది. నవ్వుతూనే అంది. ప్రయోగం రోజు ముందుగా చెప్పిన మేర సముద్రంలోకి పడవలు పోకూడదు, పైనుంచి రాకెట్టు భాగాలు పడతాయి కదా. అది వాళ్ల ప్రాణాలకే మంచిది, నిజమే. కానీ మనం చప్పట్లు కొట్టే రోజు ఆవిడకి కూలి లేని రోజని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఇన్ని ప్రయోగాల గురించి పేపర్లో చదివాను, ఆ ముక్క నాకు ఆవిడే చెప్పింది.

తర్వాతి ప్రయోగం రోజు నిజంగానే వెళ్లాను. కొంగు సర్దుకుని, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, పడవకి ఆనుకుని కూర్చుంది. వాళ్ల నెత్తి మీదుగా దూరంగా తెల్లటి పొగ గీత. ఆ ఫోటో కాగితం మీద వేయించి మళ్లీ వెళ్లి ఇచ్చాను. ఇంట్లో ఆవిడ ఫోటో అంటే ఆధార్ కార్డు మీదదేనట. ఎవరి ఫోటో తీసినా, ఒక ప్రతి వాళ్లకిచ్చి రండి. స్టూడియోలో దానికయ్యే ఖర్చు మన పూలకయ్యేంతే.

ఫోటో చేతిలో తిప్పి తిప్పి చూసుకుని ఆవిడ అడిగిన మాట ఇది: "మరి నీ ఫోటో ఎవరు తీస్తారు మా?" నాకు జవాబు తోచలేదు. ఇన్నేళ్ల ఆల్బముల్లో నేను తీసినవే అన్నీ. వాటిల్లో పిల్లలున్నారు, మావారున్నారు, అత్తగారున్నారు. ఆ మాట అన్నాను. "ఇట్టా ఇయ్యి" అని కెమెరా లాక్కుంది. ఎక్కడ నొక్కాలో చూపించాను. సముద్రం ఒక పక్కకి ఒరిగిపోయింది, మూలన ఆవిడ వేలు పడింది, నేను మాత్రం నవ్వుతూ ఉన్నాను. మా హాల్లో గోపురం ఫోటో పక్కన ఇప్పుడది ఉంది.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. బీచిలో ఫోన్‌నీ కెమెరానీ జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, ఉప్పుగాలి పాడుచేస్తుంది. ఇంటికి రాగానే మెత్తని పొడిగుడ్డతో తుడవండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న తెల్ల పొట్లాలు పారేయకుండా కెమెరా పెట్టెలో వేయండి, తేమ లాగేస్తాయి. పొట్లం మాత్రం చిన్నపిల్లలకి అందకూడదు. మంచినీళ్లు, టోపీ, పెరుగన్నం దగ్గరుంచుకోండి. పులిహోర ఒక డబ్బా ఎక్కువే తీసుకెళ్లండి, రాకెట్టు ఆలస్యమైతే పక్కవాళ్లతో స్నేహం కుదురుతుంది. అన్నట్టు, ఈసారి బయల్దేరినప్పుడు మీ ఫోటో ఒకటి ఎవరిచేతైనా తీయించుకోవడం మరిచిపోకండి.