మాస్టారి పుస్తకం

మా డీటీపీ షాపులో మూలనున్న విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఎప్పుడు ఆన్ చేసినా తేదీ 2002 జనవరి 1 అనే చూపిస్తుంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ఎఫ్‌1 నొక్కితే గాని కదలదు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయాయని తెలిసినప్పుడు నెట్ కేబుల్ పీకేసి ఊరుకున్నాను. పని జరుగుతోంది కదా, పాతదైతేనేం అనుకున్నాను.

పోయిన వేసవిలో, హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు వచ్చారు.

"ఏరా, పదహారేళ్ల కిందట నువ్వు కంపోజ్ చేసిన నా పుస్తకం మళ్లీ వేయిద్దామనుకుంటున్నా. నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది మాస్టారూ, కూర్చోండి, పది నిమిషాలు."

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇందులో నా మాట ఏదిరా?"

అప్పటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కల్ని కూర్చేవారు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఫైల్లో 'సీ', త వత్తు, ర వత్తుగా విడివిడిగా ఉంటుంది. ఆ ఫాంటు ఉంటేనే అవి తెలుగు. ఆ ఫాంటు నడవాలంటే సిస్టమ్ వెనక ప్రింటర్ పోర్టుకు తాళంచెవి లాంటి డాంగిల్ తగిలించాలి. కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. మూలనున్న సిస్టమ్ మాత్రం చెక్కుచెదరలేదు. దానితో మాట్లాడగలిగినవే ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. నేను కనిపెట్టుకుని ఉండాల్సింది వాటినని అప్పుడు తెలిసింది.

ఏ ఫాంటులో తెరిచినా తెలుగు అక్షరం తెలుగుగానే నిలిచే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అదే ఎక్స్‌పీలో గౌతమి ఫాంటూ ఉంది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తీసుకునేది కాదు, గిరాకీకేమో రేపటికల్లా ప్రింటు కావాలి. నిజమే. కానీ పని అయ్యాక మేటర్ ఒక కాపీ యూనికోడ్‌లోకి మార్చి దాచడానికి నన్నెవరు ఆపారు?

కన్వర్టర్‌లో వేస్తే వత్తులు సగం తారుమారయ్యాయి. మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి పక్కన కుర్చీ వేసుకుని అక్షరం అక్షరం చూశారు. "అమ్మకు మ వత్తు లేదేమిరా?" నలభై రోజులు పట్టింది.

ఆ సిస్టమ్‌లో ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. రాసినవాళ్లలో నలుగురు ఇప్పుడు లేరు. ఆదివారం పొద్దున్నే షాపు తెరిచి, ఎఫ్‌1 నొక్కి కూర్చుంటున్నాను.