తొట్టెకూ మండలం దీక్ష!

ఎ.కొండూరు వాళ్లకి నీళ్ల గురించి ఎవరూ కొత్తగా భయం పెట్టక్కర్లేదు. తిరువూరు పక్కనున్న ఈ మండలం 2022 దాకా కృష్ణా జిల్లాలోది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోది. ఇక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. కారణం ఇదీ అని ఇదమిత్థంగా తేలలేదు కానీ, జనం అనుమానం మొదట్నుంచీ బోరునీళ్ల మీదే. బిందెలో తేటగా మెరిసే నీళ్లను చూసి కూడా తాగొచ్చో లేదో అని తటపటాయించడం ఇక్కడ అలవాటైపోయింది.

అలాంటి ఊళ్లో ఓ ఇంటికి గాజుతొట్టె వచ్చిందనుకోండి. పిల్లల మొదటి ప్రశ్నే 'చేపలకి ఏ నీళ్లు పోద్దాం నాన్నా?' అని.

నాన్న ప్రేమకొద్దీ తాగడానికి కొన్న టిన్నునీళ్లు పోసేస్తాడు. చిక్కంతా అక్కడే. ఆర్వో యంత్రం చెడునే కాదు, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లను కూడా చాలావరకూ లాగేస్తుంది. నీళ్లు పులిసిపోకుండా కాపుకాసేవి ఆ బైకార్బొనేట్లే. అవి లేకపోతే తొట్టెలో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. పోనీ బోరునీళ్లా అంటే... సబ్బు నురగ రాని నీళ్లయినా గప్పీలకీ మోలీలకీ హాయే. నియాన్ టెట్రాలకి మాత్రం పడవు. రెండురకాల నీళ్లూ కలిపి పోయడం చాలా ఇళ్లకు సరిపోయే పద్ధతి. బోరునీళ్లను ముందురోజే పట్టి, గాలిమోటారు పెట్టి ఉంచితే పీహెచ్ కుదురుకుంటుంది. అదే క్లోరిన్ కలిపిన కుళాయినీళ్లయితే ఆ ఘాటు పోయేదాకా ఉంచాల్సిందే.

ఇంత చేసినా కొత్త తొట్టెలో చేపలు వారం తిరక్కుండానే తేలిపోతుంటాయి. నీళ్లేమో అద్దంలా ఉంటాయి! దుకాణం వాడు జబ్బుచేపలు అంటగట్టాడనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. అసలు దోషి అమ్మోనియా. చేప మొప్పల్లోంచీ, రెట్టలోంచీ, తినకుండా వదిలేసిన మేతలోంచీ పుడుతుందది. రంగు ఉండదు. కొద్దిపాటిగా ఉంటే వాసనా తెలీదు. పైగా పీహెచ్ ఒక్క అంకె పెరిగితే దాని విషరూపం దాదాపు పదిరెట్లవుతుంది. సున్నం ఎక్కువున్న బోరునీళ్లలో పీహెచ్ సాధారణంగా ఏడుకి పైనే కాబట్టి, అక్కడ ఇంకాస్త జాగ్రత్త కావాలి.

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల రైతుల్ని అడిగితే ఈ సంగతి నిద్దట్లో లేపినా చెబుతారు. పీహెచ్, అమ్మోనియా పరీక్షలు వాళ్లకు ఎరువుల ధరల్లాంటి రోజువారీ లెక్కలే. ఇంట్లో చేపలు పెంచేవాళ్లకే ఎందుకో ఆ ఊసుండదు!

అమ్మోనియాకి విరుగుడు మందు కాదు, సూక్ష్మజీవులు. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఇంకోరకం వచ్చి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారిస్తేగానీ చేపకు ఊపిరాడదు. ఈ జీవులను రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే పట్టి చూపించాడు. అవి స్పాంజికీ గులకరాళ్లకీ అంటుకుని మెల్లగా పెరుగుతాయి. నాలుగునుంచి ఆరువారాలు... అంటే సుమారుగా ఓ మండలం దీక్షన్నమాట! అన్నాళ్లూ చేపలు లేకుండా చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపడమే ఉత్తమం. పాత తొట్టె ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి వాడిన స్పాంజి ముక్క ఒకటి తెచ్చుకుంటే దీక్ష సగం తగ్గొచ్చు. పరీక్ష చుక్కలతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అన్నాకే చేపల్ని తేవాలి. అప్పుడైనా రెండో మూడో.

పిల్లలు ఆగరుగా! చేపలు ముందే వచ్చేస్తే మేత తగ్గించి, రోజూ కాసిని నీళ్లు మార్చడమే దారి. కంగారుపడి తొట్టె మొత్తం ఖాళీచేసి, స్పాంజిని కుళాయి కింద పిండి కడిగితే అప్పుడప్పుడే పుట్టిన బ్యాక్టీరియా కాస్తా కొట్టుకుపోతుంది. కథ మళ్లీ మొదటికే. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే జాడించాలి.

ఒక్క మాట మాత్రం ఎ.కొండూరు లాంటి చోట పిల్లలకు విడమరిచి చెప్పాలి. బోరునీళ్లలో గప్పీ ఈదులాడుతోంది కదాని అవి తాగే నీళ్లయిపోవు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రామే ఉండాలనీ, వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాటకూడదనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్క చేప చెప్పదు, అమ్మోనియా చుక్కలూ చెప్పవు. దానికి ప్రయోగశాల పరీక్షే కావాలి.

తొట్టె కుదురుకున్నాక మిగిలేది నైట్రేట్. వారానికోసారి పావువంతు నీళ్లు తీసేస్తే చాలు. మనీప్లాంట్ వేళ్లు నీళ్లలోకి వేలాడదీస్తే అదీ కొంత పీల్చుకుంటుంది. తీసిన నీళ్లు పారబొయ్యక్కర్లేదు, పెరట్లో కరివేపాకు మొదట్లో పోసుకోవచ్చు.