వరమివ్వని పూజారి

పుస్తకం కొనుక్కున్నవాడికి దాన్ని తెరవడానికి మరొకరి అనుమతి అక్కర్లేదు; కళ్ళజోడు ఉంటే చాలు. గ్రామఫోను రికార్డు కొన్నవాడికి పెట్టె, ముల్లు ఉంటే చాలు. కాని, బ్లూరే సినిమా బిళ్ళ కొన్నవాడి సంగతి అలా కాదు. బిళ్ళ మనదే, కంప్యూటరు మనదే, కరెంటు బిల్లు కట్టేదీ మనమే. ఐనా బొమ్మ మాత్రం పడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి ఎవరో, ఎక్కడుంటాడో కనుక్కోవడానికి వేసవి సెలవుల్లో నాకు పది రోజులు పట్టింది. ఆ వృత్తాంతం మనవి చేస్తాను. మీలో ఎవరికైనా అక్కరకు రావచ్చు.

మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1960 లలో, ఖరగ్‌పూర్‌లో ఉండేవారు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవ లేదు గనక ఆవకాయకు ఇబ్బంది పడలేదు గాని, బెంగాలీ మాత్రం కొంత అబ్బింది. ఆ రోజుల్లోనే సత్యజిత్ రాయ్ తీసిన "పథేర్ పాంచాలీ" చూశారు. 1955 లో విడుదలైన ఆ చిత్రంలో, అక్కాతమ్ముళ్ళు రెల్లుపూల మధ్యనుంచి రైలు చూడ్డానికి పరుగెత్తే ఘట్టం ఒకటి ఉంది. రైల్వే మనిషికి అంతకన్న ఏం కావాలి? మా చిన్నప్పుడు అన్నం తినకపోతే మాకు ఆ కథే చెప్పేవారు.

ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. నీటికాసుల వల్ల కుడికన్ను పోయింది. ఎడమకంటి చూపు గొట్టంలోంచి చూస్తున్నట్టుగా రోజురోజుకూ సన్నబడుతూంది. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది" అన్నారు డాక్టరుగారు. ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు, "ఒరే, ఆ రెల్లుపూలు ఇంకొక్కసారి చూపించగలవురా?" అన్నారు. నోరు తెరిచి ఒకటి కావాలని అడిగే మనిషి కారాయన. ఆ మాటతో మా ఆవిడ చేతిలో పని ఆపేసింది.

ఇంటర్నెట్టులో ఒక పాత ప్రతి దొరికింది. అంతా గీతలు, మసక. నాన్నగారు కాసేపు చూసి, "ఇవి పువ్వులా, పొగా?" అని అడిగారు. కట్టేశాను.

అసలా చిత్రం నెగటివ్‌లకే పెద్ద గండం వచ్చింది. 1993 లో లండన్‌లోని ఒక ల్యాబొరేటరీ తగలబడినప్పుడు రాయ్ చిత్రాల నెగటివ్‌లు ఎన్నో దెబ్బ తిన్నాయి. కొన్నేళ్ళ తరువాత, అమెరికాలోని అకాడమీ వారు భద్రపరచిన ఆ కాలిన చుట్టలను ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు చేత్తో బాగుచేశారు. పనికి రాని భాగాలకు ఇతర ప్రతులనుంచి పూరణ చేశారు. ఆ విధంగా పునర్జన్మ ఎత్తిన చిత్రం 2015 లో అమెరికాలో బ్లూరే బిళ్ళగా వచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే, "తాతగారికోసమా? అంతకన్నానా మావయ్యా!" అని, ఇటు వస్తున్న స్నేహితుడిచేత పంపించాడు.

ఈ బ్లూరే అనేది 2006 లో బజారులోకి వచ్చింది. పేరులో ఉన్నట్టే, నీలి ఊదారంగు లేసర్ కిరణంతో దీన్ని చదువుతారు. డీవీడీని చదివే ఎర్ర కిరణపు తరంగం పొడవు 650 నానోమీటర్లు; దీనిది 405. తాటాకుమీద రాసే గంటానికి మొన ఎంత సన్నగా ఉంటే అక్షరం అంత చిన్నదిగా పడుతుంది, ఒక ఆకులో అన్ని ఎక్కువ పద్యాలు పడతాయి. ఇదీ అంతే. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు పడితే, ఒక పొర బ్లూరేలో 25 పడతాయి. అందుకే బొమ్మ అంత తేటగా ఉంటుంది.

కంప్యూటరుకు తగిలించే బ్లూరే డ్రైవు ఒకటి తెప్పించాను. బిళ్ళ పెట్టాను. గిర్రున తిరిగింది. ఏమీ రాలేదు. విచారించగా తేలిందేమంటే, విండోస్‌లో బ్లూరే సినిమాలు చూపించే సదుపాయం ఎన్నడూ లేదు. 2012 లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీల సదుపాయం కూడా తీసేశారు.

మా కాలేజీలో కంప్యూటర్ సైన్సు చదివే శిష్యుడొకడు ఇంటికి వచ్చి, వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఇది 1996 లో ప్యారిస్‌లోని ఇంజనీరింగు విద్యార్థులు మొదలుపెట్టినది. ఉచితం, దాని లోపలి రచన అంతా ఎవరైనా చదువుకోవచ్చు. నేను కోరిన సులభమైన సాధనం అదే ననుకున్నాను. కాని, ఈ బిళ్ళ తెరవాలంటే తాళంచెవి కావాలని అదీ చెప్పేసింది.

"తాళం ఏమిటోయ్?" అన్నాను.

"సినిమా అంతా గూఢలిపిలో రాసి ఉంటుంది మాస్టారూ. ఏఏసీఎస్ అంటారు. దాన్ని విప్పే తాళంచెవులు డబ్బు కట్టి ఒప్పందం రాసుకున్న కంపెనీలకే ఇస్తారు. వాళ్ళు రహస్యంగా ఉంచాలి. వీఎల్‌సీ లోపలంతా తెరిచిన పుస్తకం కదండీ! అందులో రహస్యం ఎక్కడ దాస్తారు?"

అప్పుడు బోధపడింది. బ్లూరేకి సులభమైన ఉచిత సాఫ్ట్‌వేర్ కరువు కావడం తెలివి చాలక కాదు. బొమ్మ చూపించడం వీఎల్‌సీకి వెన్నతో పెట్టిన విద్య. అడ్డమల్లా ఆ తాళమే. పైగా ఒక చెవి బయటికి పొక్కిందంటే, కొత్తగా అచ్చయ్యే బిళ్ళల్లో దానికి చెల్లుచీటీ రాసేస్తారు. అందుకే డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా అప్పుడప్పుడు కొత్త చెవి తెచ్చుకోవాలి.

"తాళాలు ఎవరో బయట పెట్టారు మాస్టారూ, తెచ్చి పెట్టనా?" అన్నాడు మావాడు. మన సొంత ఇంట్లోకి మనమే కిటికీలోంచి దూకడం నా వయసుకు బాగుండదని చెప్పి, ఒప్పందం ఉన్న ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి తీసుకున్నాను.

ఐపోయిందనుకున్నారా? లేదు. ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు మండలాలు చేసి పెట్టారు. అమెరికా, జపాన్ ఏ లో ఉన్నాయి. ఐరోపా బీ. మనమూ, చైనా, రష్యా సీ. చాలా బిళ్ళలు తమ మండలం దాటి పలకవు. మా మేనల్లుడు పంపింది ఏ మండలపు బిళ్ళ. ఐతే కంప్యూటరులో ఈ మండలాన్ని అడిగేది డ్రైవు కాదు, సాఫ్ట్‌వేర్. మార్చుకోనిస్తుంది గాని, కొద్దిసార్లే. అంచేత ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఏ అని నొక్కాను.

బొమ్మ పడింది.

నాన్నగారి కుర్చీ తెరకు దగ్గరగా వేశాను. "వెనక్కి జరపరా. దగ్గరైతే నా చూపులో సగం బొమ్మే పడుతుంది" అన్నారు. గది చివరిదాకా జరిపాను. అంత దూరాన బొమ్మ చిన్నదైపోతుంది గనక, మసకగా ఉంటే మరేమీ తెలియదు. ఇది తేటగా ఉండబట్టి తెలిసింది. రెల్లుపూలు వచ్చాయి. పిల్లలిద్దరూ పరుగెత్తారు. దూరాన నల్లటి పొగ. నాన్నగారు ఏమీ అనలేదు. ఆ ఘట్టం మూడుసార్లు వేయించుకుని, "పువ్వులేరా. పొగ వేరేగా ఉంది" అన్నారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక పాఠకులకు నాలుగు మాటలు. డ్రైవు కొన్నంత మాత్రాన బ్లూరే పలకదు. తాళంచెవి ఉన్న సాఫ్ట్‌వేర్ విడిగా కావాలి. బిళ్ళ ఏ మండలానిదో అట్టపెట్టె వెనక చూసుకోండి. 2016 నుంచి వస్తున్న అల్ట్రా హెచ్‌డీ బిళ్ళల సంగతి మరీ చిత్రం. వాటిని ఒప్పందం ప్రకారం చూడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఒక రక్షణ ఏర్పాటు ఉండవలసి వచ్చేది. 2021 నుంచి వచ్చిన కొత్త రకాల్లో ఆ ఏర్పాటే తీసేశారు. అంటే, పాత కంప్యూటరు ఉన్నవాడికి దక్కిన భాగ్యం కొత్తది కొన్నవాడికి దక్కలేదు!

రచనకు కాపలా ఉండకూడదని నేననను. సాహిత్యం పాఠం చెప్పి బతికేవాణ్ణి. రాసినవాడి కష్టం నాకు తెలుసు. కాని, డబ్బిచ్చినవాడి గుమ్మానికి వేసిన తాళం దొంగను ఆపిందో లేదో గాని, ఒక ముసలాయన చూపులోంచి పది రోజులు తీసుకుంది. పుస్తకాన్ని మనవడు కూడా తెరవగలడు. ఈ బిళ్ళను మనవడినాటికి తెరిచే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో!

అంచేత, విదేశాలనుంచి మీ బంధువులెవరైనా సినిమా బిళ్ళ బహుమతిగా పంపుతామంటే తప్పకుండా పంపమనండి. పూజారి దక్షిణ కూడా కలిపి పంపుతున్నారేమో మాత్రం ముందే కనుక్కోండి.