మనవరాలి సెలవులు, మా వార్డు

మా బడి చదువు తమిళంలో, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

సంక్రాంతి సెలవులకి మా పెద్ద మనవరాలు హైదరాబాద్ నుంచి పెరంబూరు వచ్చింది. డిగ్రీలో పొలిటికల్ సైన్సు. దిగీదిగగానే, "తాతా, ఈసారి సినిమాలు, షాపింగు లేవు. స్థానిక స్వపరిపాలన మీద ప్రాజెక్టు రాయాలి" అంది. ఇంట్లో ముసలివాళ్ళం ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. కార్పొరేషను, వార్డు, కౌన్సిలర్ అని ఆ పిల్ల విడమరిచి చెప్పాక, "ఓ, ఉళ్ళాట్చియా!" అన్నాం. తమిళంలో ఉళ్ అంటే లోపల, ఆట్చి అంటే పాలన. ఆ మాట నచ్చి పిల్ల నోటుబుక్కులో రాసుకుంది.

మర్నాడు రిప్పన్ బిల్డింగ్ చూపించమంది. మాకు నవ్వొచ్చింది. రైల్వే గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ పెరంబూరులో లోకల్ ఎక్కి మూర్ మార్కెట్ కాంప్లెక్సులో దిగేవాళ్ళం. పక్కనే ఆ తెల్ల బిల్డింగు. రోజుకి రెండుసార్లు చూశాం, గేటు మాత్రం ఒక్కసారీ దాటలేదు. అది తెరిచింది 1913లో. కార్పొరేషన్ కంప్లయింటు నంబరు కూడా 1913 అని మనవరాలు చెప్పేదాకా ఆ సంగతి మాకు తట్టనే లేదు.

ముందర పిట్టి త్యాగరాయ చెట్టి గారి విగ్రహం ఉంది. మనవాడని మీటింగుల్లో చెప్పుకుంటాం కదా, మేమూ ఉత్సాహంగా మొదలుపెట్టాం. మన కార్పొరేషన్ 1688 నాటిది, దేశంలో అన్నిటికన్నా పాతది. దానికి ఈయన ప్రెసిడెంటుగా చేశారు. థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం 1920లో మొదలైంది ఈయన చలవే. టీ నగర్‌లో 'టీ' కూడా ఈయనే. అంతా రాసుకుని పిల్ల తల ఎత్తింది. "సరే తాతా, మీ కౌన్సిలర్ పేరేంటి?"

మాకు తెలియదు.

"2022లో ఓటు వేశారా?"

అసలు సంగతి ఇక్కడుంది. 2016 అక్టోబరు నుంచి అయిదేళ్ళకు పైగా చెన్నైకి కౌన్సిలే లేదు, అధికారులే నడిపారు. ఆ రోజుల్లో అరుగు మీద కూర్చుని మేము తిట్టని తిట్టు లేదు. చివరికి 2022 ఫిబ్రవరి 19, శనివారం, ఎన్నికలు వచ్చాయి. అబ్బాయికి సెలవు దొరికిందని అందరం తిరుపతి వెళ్ళాం! ఊరు మొత్తం మీద ఓటు వేసింది నూటికి 44 మంది లోపే. హైదరాబాద్‌లో 2020లో నూటికి 46 మంది చిల్లరట, అదేమీ గొప్ప కాదని పిల్లే ఒప్పుకుంది. కానీ మావి రెండు ఓట్లు, ఇంట్లో అబ్బాయివాళ్ళతో కలిపితే నాలుగు. స్వామి దర్శనానికి ఆదివారం వెళ్ళకూడదా అని అడిగితే ఏం చెప్పాలి? మా ఆవిడ, "ఎండ ఎక్కుతోంది, ఇంటికి పోదాం" అంది.

ఇంటి ముందు డ్రైనేజీ మూత, కంకర లారీ ఎక్కి విరిగి రెండు నెలలైంది. దాని ఫోటోలు వీధి వాట్సాప్ గ్రూపులో పదకొండు ఉన్నాయి. మనవరాలు లెక్కపెట్టింది. 1913కి ఫోన్ చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లే చేసింది, తమిళం రాక మధ్యలో ఫోను మాకిచ్చింది. అయిదు నిమిషాల పని. నాలుగో రోజు కొత్త మూత పడింది. నిజం చెప్పాలంటే సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. ఆ రెండు నెలలూ పక్కింటి బామ్మగారు రాత్రిపూట గోడ పట్టుకుని నడిచేవారు.

వార్డుని ఏరియాలుగా విడగొట్టి ఏరియా సభలు పెడతారని, అక్కడికి వెళ్ళి మన వీధి సంగతి మాట్లాడవచ్చని కూడా ఆ పిల్ల చెబితేనే తెలిసింది. 200 వార్డుల్లో సగం ఆడవాళ్ళకి కేటాయించారనీ, మేయరు ప్రియగారు ముప్ఫై నిండకుండానే ఆ కుర్చీలో కూర్చున్నారనీ మా ఆవిడకి చెప్పింది. ఆవిడ ఇప్పుడు మా కన్నా ముందు కౌన్సిలర్ ఆఫీసు ఎక్కడో కనుక్కుని వచ్చింది.

పిల్ల వెళ్ళిపోయింది. ప్రాజెక్టుకి మంచి మార్కులే వచ్చాయట. అందులో 'ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి కుటుంబం' అని మా సంగతి రాసిందట, తిరుపతితో సహా. నిన్న ఫోన్లో, "తాతా, ఏరియా సభ ఎప్పుడో అడిగావా?" అంది. అడిగాం. తేదీ తెలియగానే ఇక్కడ పెడతాం. మా వీధివాళ్ళు ఎవరెవరు వస్తారో ముందే చెబితే కలిసి నడుచుకుంటూ వెళ్దాం.