గుర్రానికీ ఉందండోయ్ పాస్‌పోర్టు!

ఫారాలు నింపడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, పిల్లల అడ్మిషన్లు... సంతకం ఎవరు పెట్టినా, ఏ కాగితం ఏ డబ్బాలో ఉందో తెలిసేది మనకే కదా! కానీ కిందటేడు హన్మకొండలో మా ఇంటికొచ్చిన ఫారం మాత్రం నన్ను రెండ్రోజులు ఆలోచనలో పడేసింది.

హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి అక్కడే గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. మొట్టమొదటిసారి డ్రస్సాజ్ పోటీకి పేరివ్వాలట. పదిహేనేళ్ళ పిల్ల కాబట్టి ఇంటివాళ్ళ సంతకం కావాలని ఫారం పంపింది.

"డ్రస్సాజ్ అంటే డ్రెస్సుల పోటీనా?" అన్నారు మావారు.

కాదట. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు ఉన్న బరిలో, చుట్టూ పెట్టిన ఇంగ్లీషు అక్షరాల గుర్తుల ప్రకారం గుర్రాన్ని నడిపించాలి, దౌడు తీయించాలి, గుండ్రంగా తిప్పాలి. ఒక్కో కదలికకీ సున్నా నుంచి పది దాకా మార్కులు. చూసేవాళ్ళకి గుర్రం తనంతట తనే చేస్తున్నట్టు ఉండాలి. దూకడాలు, పందేలు ఉండవు. గుర్రంతో కలిసి చేసే నాట్యం అనుకోండి.

ఫారంలో మొదటి భాగం పిల్లది. మనకి ఇంటిపేరు ముందుంటుందా, ఒక కాగితంలో అలాగే ఉంది, ఇంకోదాంట్లో వెనక్కి పోయింది. చివరికి పుట్టినతేదీ సర్టిఫికెట్టులో ఎలా ఉందో అలాగే రాశాను.

రెండో భాగం గుర్రానిది. దానికీ పాస్‌పోర్టు ఉందండీ! ఫొటోకి బదులు బొమ్మ గీసి, ఒంటిమీద మచ్చలు, సుడులు ఎక్కడున్నాయో గుర్తులు పెడతారు. మన వేలిముద్రల్లాగే ఏ గుర్రం సుడులు దానివేనట. అది విని మా అత్తగారు, "మా కాలంల ఎడ్లను గూడ సుడులు సూసే కొనేటోళ్ళు" అన్నారు. గుర్రాలకొచ్చే ఫ్లూకి వేసిన టీకాల తేదీలు, డాక్టరు సంతకాలూ అందులోనే ఉంటాయి, అచ్చం మన పిల్లల టీకా కార్డులాగే. గ్లాండర్స్ అనే జబ్బు లేదని రక్తపరీక్ష కాగితం కూడా కావాలన్నారు. అది గుర్రాల నుంచి మనుషులకీ అంటుకుంటుంది, టీకా లేదు.

మూడో భాగం దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. 'ప్రమాదం జరిగితే నిర్వాహకులకు బాధ్యత లేదు' అని రాసుంది. కింద తండ్రి లేక సంరక్షకుడి సంతకం. తల్లి మాటే లేదు!

"కాలో చెయ్యో ఇరిగితే రేపు లగ్గం ఎట్లయితదే?" అన్నారు అత్తగారు. లగ్గం సంగతి ఎలా ఉన్నా కాలు సంగతి నాకూ భయమే. మావారు సంతకం పెట్టబోతుంటే ఆపి, కోచ్‌గారికి ఫోన్ చేశాను. హెల్మెట్ ఎలాంటిది? పోటీ దగ్గర డాక్టరు ఉంటారా? రోజూ ఎక్కే గుర్రమేనా? మూడింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, "మీరూ సంతకం పెట్టొచ్చమ్మా" అన్నారాయన.

అమ్మాయి ఫోన్లో చెప్పిన విషయం ఒకటి మనసులో నాటుకుపోయింది. ఈ ఆటలో ఆడామగా తేడా లేదు, అందరికీ ఒకటే పోటీ. డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్‌కి 1944లో గర్భిణిగా ఉన్నప్పుడు పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడినా, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్ళతో పోటీపడి డ్రస్సాజ్‌లో రజతం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే ఆటలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఆడపిల్లలే. గుర్రపుస్వారీలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన బంగారమది. రుద్రమదేవి ఏలిన ఊళ్ళో ఉంటూ మనం వెనకాడితే ఎలాగండీ?

'సంరక్షకుడు' అన్న మాట పక్కన 'తల్లి' అని రాసి సంతకం పెట్టాను. అత్యవసరానికి ఇచ్చే ఫోన్ నంబరూ నాదే. మా అమ్మాయికి వందకి యాభై ఎనిమిది వచ్చాయి. మొదటిసారికి ఫరవాలేదట.

మీ ఇంటికీ ఇలాంటి ఫారం ఏదో ఒకటి రాకపోదు. ఈతకో, కరాటేకో, కొండలెక్కడానికో. వెనకవైపు చిన్నక్షరాలు కూడా చదవండి, అడగాల్సినవన్నీ అడగండి, ఒక జిరాక్స్ దాచుకోండి. ఆ తర్వాత మీ సంతకం మీరే పెట్టండి.